ఏ కాలు ముందు

"కూర్చుని తినొచ్చుగా, ఎవరొద్దన్నారు?" అన్నాడు భర్త, ఖాళీ గ్లాసు ఆమె వైపు జరుపుతూ.

రోజూ రెండు పూటలా అంటాడాయన ఈ మాట. మంచివాడే, లేకపోతే అంత గుర్తు పెట్టుకుని ఎవరంటారు? ఆయన గ్లాసు నిండేసరికి అత్తగారికి ఉప్పు గుర్తొస్తుంది. ఉప్పు అందేసరికి ఆయనకి ఇంకో గరిటె కూర గుర్తొస్తుంది. అలా తల్లీకొడుకుల జ్ఞాపకశక్తి పూటపూటకీ పదునెక్కి, గిన్నెలు అడుగంటాక గానీ ఆమెకి తన ఆకలి గుర్తుకు రాదు. భోజనాల బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు. ఒకటి ఆయనది, ఒకటి అత్తగారిది, ఒకటి పాత పేపర్లది, ఒకటి ఇస్త్రీ బట్టలది. ఆమె గనక పొరపాటున కూర్చోబోతే, ఆ కుర్చీ 'ఎవరమ్మా నువ్వు, ఎవరి తాలూకు?' అని అడిగినా అడుగుతుంది.

నిలబడటంలో మాత్రం ఆమెని మించినవాళ్లు ఏడూళ్లలో లేరు. సింకు ముందు గచ్చు ఆమె పాదాల మేర అరిగి అరిగి అద్దంలా తేలింది. "ఇంకొన్నాళ్లు తోమావంటే అక్కడ బావి పడుతుందే అమ్మాయ్, నీళ్లకి బెంగుండదు," అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చూపించి మరీ నవ్వేది. ఇంట్లో నిలబడటం అయ్యాక రేవుకి వెళ్లి నిలబడుతుంది. అక్కడ ఉప్పునీళ్ల పాయలో బోట్లూ జెట్ స్కీలూ అద్దెకిచ్చే షెడ్డు ఉంది. వచ్చినవాళ్లకి లైఫ్ జాకెట్లు తొడిగి, బకిల్స్ బిగించి, తడిసి వచ్చినవి ఉతికి ఆరేయడం ఆమె ఉద్యోగం. కౌంటర్లో స్టూలు వేస్తే పని మందగిస్తుందని యజమాని సిద్ధాంతం. ఆయన ఆ సిద్ధాంతాన్ని చక్రాల కుర్చీలో గుండ్రంగా తిరుగుతూ చెప్తాడు.

ఆ రేవులోనే ఒకరోజు ఆమె ఒక కొత్తరకం జెట్ స్కీని చూసింది. సన్నగా, కురచగా, ముందు ఒక పొడుగాటి హ్యాండిల్ కడ్డీ, వెనక రెండు పాదాలు పట్టే తొట్టి. అంతే, సీటు లేదు. సీటు పీకేసిన గుర్తు కూడా లేదు, అసలు పుట్టుకతోనే లేదు. దాని మీద ఒకావిడ నిలబడి ఉంది. ఈమె ఈడుదే, నడుం దగ్గర ఈమెలాగే కాస్త ఒళ్లు చేసిన మనిషి. ఆవిడ ఒక్కసారి మోకాళ్లు వంచి లేచేసరికి బండి కూడా ఆవిడతో లేచింది. గాల్లో తలకిందులై, నీళ్లన్నీ దులుపుకుని, మళ్లీ అదే చోట చప్పుడు చేసుకుంటూ దిగింది. ఆవిడ ఒడ్డుకొచ్చి తువ్వాలు అడిగింది. ఇచ్చిన మనిషి మాత్రం తువ్వాలు వదలడం మరిచిపోయింది.

ఆ రోజంతా ఆమె మనసులో ఒకటే మాట తిరిగింది. ఇన్నేళ్లుగా నిలబడే ఉన్నాను కదా, పొయ్యి దగ్గర, సింకు దగ్గర, కౌంటర్ దగ్గర, ఆస్పత్రిలో మామగారి మంచం దగ్గర, ఆడపడుచు పెళ్లిచూపుల్లో తలుపు దగ్గర. నిలబడటంలో సరదా కూడా ఉంటుందని ఒక్కరూ చెప్పలేదేం? నిలబడటం అంటే ఇంకొకళ్లు పిలిచేదాకా ఆగి ఉండటమే అనుకున్నాను. ఆవిడ ఎవరు పిలుస్తారని నిలబడింది?

షెడ్డులో మెకానిక్ ఆమెని అక్కా అని పిలిచేవాడు. పాత జెట్ స్కీలు కొనిపెట్టడం, అమ్మిపెట్టడం కూడా అతనే చేసేవాడు. అతన్ని అడిగింది.

"నేర్చుకోవచ్చా?"

"ఎందుకు రాదక్కా. ముందు బోర్లా పడి వేలాడాలి. తర్వాత మోకాళ్ల మీదికి. బండి వేగం అందుకున్నాక ఒక పాదం, ఆ తర్వాత రెండోది. ఒక్కటే మెలిక. ఆగితే ఒరిగిపోద్ది. కదిలినంతసేపే నిలబడగలవు."

"కొత్తది కొనలేంలే. పాతదైతే ఏం చూసుకోవాలి?"

"రెండు సిలిండర్లూ సమానంగా లాగుతున్నాయా చూడు. ఒకటే లాగుతూ రెండోది పడుకుందంటే నడిసముద్రంలో ఆగుద్ది. పైరంగు చూడకు, రంగు కింద అతుకులుంటాయి. తొట్టిలో మెత్తటి పరుపుంటుంది చూశావా, దాని మూల ఎత్తి నొక్కు. బండి పొట్టలో ఫోమ్ ఉంటుంది, అది నీళ్లు తాగితే ఇక కక్కదు. తాగిన బండి పల్టీ కొట్టదక్కా, తాగిన మనిషైనా నయం."

ఆమె నవ్వింది. నవ్వి, అన్నీ పాఠంలా బట్టీ పట్టింది.

ఇంట్లో చెప్పిన రోజున జరిగింది చెప్పాలంటే, ఆయన నవ్వుకి గోడ మీది బల్లి జారిపడింది. ఆయన డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఊళ్లో స్టీరింగ్ పట్టిన ప్రతి చేతి మీదా ఆయన దెబ్బ పడే ఉంటుంది. పళ్లూడినవాళ్లకి కూడా రివర్సు నేర్పిన ఘనుడు భార్యకి మాత్రం స్కూటరైనా నేర్పలేదు. "కట్టుకున్నదానికి నేర్పితే కాపురం క్లచ్చు మీద నడపాల్సొస్తుంది," అనేవాడు, అందరూ నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. ఇప్పుడింకో ముచ్చట దొరికింది. "మా ఆవిడ నీళ్ల మీద నాట్యం చేస్తుందిట," అని వారం రోజులు చెప్పిన చోట చెప్పకుండా చెప్పాడు. "పడితే బట్టలెవరు ఉతుకుతారే, నీవి నువ్వేగా," అంది అత్తగారు.

చెప్పగా చెప్పగా ఆయనకే ఆ బండి మీద మనసు పడింది. "సరే, చీటీ డబ్బు నీదేగా, కొందాం," అన్నాడు ఒక పొద్దున. "ముందు నేను నేర్చుకుంటాను, తర్వాత నీకు నేర్పుతాను." ఆమెకి రెండో సగం వినిపించలేదు. కొందాం అన్న మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి.

షెడ్డు వెనక రెండు బండ్లు పెట్టాడు మెకానిక్. ఒకటి పెళ్లికొడుకులా ఎర్రగా మెరుస్తోంది. రెండోది వాడి వాడి చివరికొచ్చిన సబ్బుబిళ్ల రంగులో ఉంది. రోజూ అక్కా అక్కా అనే మనిషికి ఆ పూట అక్క కనపడలేదు. "సార్, చూడండి సార్, ఇది లాగుడు బాగుంటుంది సార్," అని ఆయనకే చెప్పాడు. ఆయన టైరు తన్నే అలవాటు కొద్దీ దాన్నొక తన్ను తన్నాడు. టైరు లేదు. అయినా తృప్తిగా తలూపాడు.

ఆమె ఎర్రదాని తొట్టిలో పరుపు మూల ఎత్తి వేళ్లతో నొక్కింది. సన్నటి ధార కారింది.

"ఇది నీళ్లు తాగిందండీ."

"నీళ్లలో తిరిగే బండి తడిగా ఉండక నిప్పుల్లో కాల్చినట్టుంటుందా?" అన్నాడాయన. మెకానిక్ నవ్వాడు. సార్ జోకు కదా.

సబ్బుబిళ్ల రంగుదాన్ని నొక్కితే పొడిగా ఉంది. మెకానిక్ మీటరు పెడితే రెండు సిలిండర్లకీ ముల్లు ఒకే అంకె దగ్గర ఆగింది. ఆ అంకె మీంచి ఆమె చూపు కాసేపు కదల్లేదు.

"నీళ్లలో దింపి చూడండి సార్," అన్నాడు మెకానిక్. ఆయన ఎర్రదాని మీద రెండుసార్లు ఎక్కి రెండుసార్లు పడ్డాడు. అలలు సరిగ్గా లేవన్నాడు. ఆ రోజు పాయలో అల అనేదే లేదు, కాకి ముఖం చూసుకునేంత తేటగా ఉంది. "అక్కా, మీరు?" అన్నాడు మెకానిక్ అప్పుడు. ఆమె జాకెట్ తొడుక్కుంది. వేల మందికి బిగించిన బకిల్ తన మీద మొదటిసారి టక్కుమంది.

ఆ ఎర్రదాని మీదే బోర్లా వేలాడింది. నోటినిండా ఉప్పు. మోకాళ్లు పైకొచ్చాయి. బండి వేగం అందుకుంది. అప్పుడు ఆమె ఏమీ అనుకోకుండానే ఎడమ పాదం ముందుకొచ్చింది. నిలబడింది. ఎంతసేపంటే, దూరంగా ఒడ్డు మీద భర్త చిన్నగా, అగ్గిపుల్లలా కనపడేంతసేపు. ఆ కాస్తలోనే చెవుల్లో ఎవరి పిలుపూ లేని గాలి. పాదం తొట్టిలో చోటు కోసం వెతుక్కుంది, దొరకలేదు, జారింది, పడిపోయింది.

ఒడ్డుకొచ్చాక మెకానిక్ ఆమె కాళ్ల వంక చూసి అన్నాడు. "అక్కా, మీది ఎడమ కాలు ముందు."

"అంటే?"

"పల్టీలు కొట్టేవాళ్లు బండి జారకుండా కాళ్లు దూర్చుకునే పట్టీలు తొట్టిలో అంటించుకుంటారు. ఒక్కొక్కరికి ఒక కాలు ముందుకొస్తుంది, అది పుట్టుకతో వచ్చేది. ఈ ఎర్రబండి పట్టీలు కుడికాలు ముందున్నవాళ్లవి, సార్ లాంటోళ్లవి. పీకితే పరుపంతా ఊడొస్తుంది. అదుగో, ఆ రెండో దానికి పట్టీల్లేవు. మీ కాలు చూసి నేనే అంటిస్తా."

ఏ కాలు ముందు అని ఆమె గురించి లోకంలో ఎవరైనా ఆలోచించడం అదే మొదలు. ఒంటి మీంచి ఇంకా నీళ్లు కారుతూనే ఉన్నాయి గనక కళ్ల సంగతి ఎవరికీ తెలియలేదు. "ఆ రెండోదే తీసుకుందామండీ," అంది.

భర్త ఎర్రదాని మీద చెయ్యేసి ఉన్నాడు. "ఆ వెలిసిపోయినదాన్ని ఇంటి ముందు పెడితే నా పరువేం కాను? కాలే కదా. మార్చుకుంటుంది."

ఎర్రది ఇంటికొచ్చింది. "మా ఆవిడ పట్టీలు అడిగితే బండితో సహా కొనిచ్చా," అని కొత్త జోకు మొదలైంది.

ఆమె నిజంగానే కాలు మార్చుకోవాలని చూసింది. అదే మన పిచ్చి. సింకు ముందు అరిగిన చోటు చూసుకుంటే ఎడమ పాదం ముందు, కుడి వెనక, అచ్చు గుద్దినట్టుంది. దాన్ని తిరగేసి కుడి పాదం ముందుకు పెట్టి తోమడం మొదలెట్టింది. పళ్లేలు జారాయి. నడుం పట్టేసింది. కౌంటర్లో కుడి కాలు ముందు, బస్సులో కుడి కాలు ముందు. "ఏంటమ్మాయ్, అలా వంకరగా నిలబడ్డావు, కొత్త పెళ్లికూతురిలా?" అంది అత్తగారు. మిగతావన్నీ మార్చుకోలేదా అనుకుంది ఆమె. నిద్ర లేచే వేళ, నవ్వే మోతాదు, జుట్టు పాపిడి, ఇష్టమైన కూర, అన్నీ మారాయి కదా, ఈ కాలికి మాత్రం ఏం వచ్చింది? కాలు మాత్రం వినలేదు. ఒంటిలో ఒక్క ముక్క లొంగకుండా మిగిలిందని సంతోషించాలో, అదే అడ్డుపడిందని ఏడవాలో ఆమెకి తెలియలేదు.

ఆయన నాలుగైదు ఆదివారాలు రేవుకి వెళ్లాడు. బండి బరువుగా ఉందన్నాడు, ఇంజను మీద నెపం పెట్టాడు, చివరికి సముద్రం మీదే పెట్టాడు. ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన ఇంజనుకి మంచినీళ్లు పట్టి కడగాలి. అది ఆమె పనైంది. ఆ ఇంటికి తిరిగొచ్చిన ప్రతిదానికీ మంచినీళ్లు ఆమే ఇవ్వాలిగా. తర్వాత బండి వసారాలో ఆగిపోయింది. పైకెత్తి కట్టిన హ్యాండిల్ కడ్డీ మీద అత్తగారు తువ్వాళ్లు ఆరేసుకుంది. ఆమెకి ఎక్కడానికి వీలున్న ఒక్క ఆదివారమూ అలా తువ్వాళ్ల కిందే పోయింది. ఎక్కినా, ఆ తొట్టిలో ఆమె కాలికి చోటు లేదు.

సబ్బుబిళ్ల రంగు బండిని ఎవరో కొనుక్కున్నారు. దాని కొత్త యజమానికి జాకెట్ ఆమే తొడిగింది. సాయంత్రం పాయలో అది తలకిందులై లేస్తుంటే చూడకూడదనుకుంది. చూసింది.

ఎర్రదాన్ని అమ్మేద్దామన్నాడు భర్త. పాత కార్లు అమ్మినప్పుడు రాసే మాటే దీనికీ రాశాడు. 'లేడీస్ నడిపిన బండి. ఒకే చేతిది.' ఆడవాళ్లు నడిపారంటే మెల్లగా, భయంగా వాడి ఉంటారని కొనేవాళ్ల నమ్మకం. ఆ మాట చూసి ఒకమ్మాయి వచ్చింది, మణికట్టు మీద వాచీ తప్ప ఇంకో ఆర్భాటం లేని పిల్ల. ఎవరినీ వెంటబెట్టుకు రాలేదు.

"మా ఆవిడ పువ్వులా చూసుకుందమ్మా," అంటున్నాడాయన. "ఏమే, ఇలా రా. చెప్పు, నువ్వేగా నడిపింది."

ఆమె సబ్బు చేతులతో గుమ్మంలోకి వచ్చింది. తువ్వాళ్లు తీసేసిన బండి కొన్ననాటి పెళ్లికొడుకులాగే మెరుస్తోంది. తలూపితే చాలు. ఎన్నిటికి ఊపలేదు? బంధువుల ముందు, బ్యాంకులో, ఆస్పత్రి కాగితాల మీద. ఇది కూడా ఒక ఊపు.

"నేను నడపలేదమ్మా," అంది. "ఒకేఒక్కసారి నిలబడ్డాను. నడిపింది ఆయన."

"ఏమిటే!"

"ఆ పరుపు మూల ఎత్తి నొక్కి చూడమ్మా."

అమ్మాయి వంగి నొక్కింది. ఇన్ని నెలలు ఎండలో ఉన్నా ధార కారింది.

"నీది ఏ కాలు ముందు?" అడిగింది ఆమె.

"తెలీదండీ. ఎలా తెలుస్తుంది?"

"నువ్వు ఎక్కువసేపు ఎక్కడ నిలబడతావో అక్కడ నేల చూసుకో. అది తెలిశాకే కొను. తర్వాత మార్చుకోవచ్చని ఎవరైనా అంటే వినకు, మారదు."

అమ్మాయి ఆమె పాదాల వంక చూసింది. "మీదే కాలండీ?"

"ఎడమ," అంది ఆమె. అమ్మాయి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ఇంకో బండి వెతుక్కుంటుంది. ఈమె వెతుక్కోదు. చీటీ అయిపోయింది, మోకాళ్లు మెట్లెక్కేటప్పుడే చప్పుడు చేస్తున్నాయి. ఎర్రబండి మళ్లీ వసారాలోకి వెళ్తుంది, రేపు దాని మీద తువ్వాళ్లు ఆరతాయి, అవి ఉతికేదీ ఈమే.

ఆ పూట భోజనాల దగ్గర ఆయన గ్లాసు జరపలేదు. అత్తగారికి ఉప్పు గుర్తు రాలేదు. ఖాళీ గ్లాసు ఖాళీగానే ఉంది. సింకు ముందు పాదాలు వాటంతటవే పాత గుంటల్లోకి, ఎడమ ముందు, కుడి వెనక, వెళ్లబోయి ఆగాయి. ఎన్నేళ్లుగానో రెండు పూటలా వినిపించే ఆ మాట కోసం ఆమె కాసేపు చూసింది. కూర్చోమని ఆ పూట ఎవరూ అనలేదు.

ఇస్త్రీ బట్టలు తీసి కింద పెట్టి, ఆమె కూర్చుంది.