నీళ్ళు పడని అడ్డిగ

నేను ఒక కెంపుల అడ్డిగను. మెడ చుట్టూ ఒకే వరుసలో రాళ్ళు, మధ్యలో మామిడిపిందె ఆకారంలో పతకం. మెడ మొదట్లోనే కూర్చుంటాను. హారాల్లా పొట్ట దాకా జారే అలవాటు మా వాళ్ళలో లేదు. నన్ను చూసినవాళ్ళు ముందుగా అనే మాట, "అబ్బ, ఎంత ఎరుపో!" ఆ పొగడ్తలో సగమే రాళ్ళది. మిగతా సగం రాళ్ళ వెనక దాక్కున్న పల్చటి రేకుది. ఈ సంగతి పొగిడేవాళ్ళకు తెలియదు. నేనూ చెప్పను.

నన్ను బందరులో కోటయ్యాచారి అనే కంసాలి చేశాడు. ముందు చిన్న చిన్న బంగారు గూళ్ళు కట్టాడు. ఒక్కో గూట్లో కరిగించిన లక్క పోశాడు. దాని మీద తళుకురేకు పరిచి, రాయి కూర్చోబెట్టి, గూటి అంచును రాయి మీదికి ఒత్తాడు. అంటే పైకి నేను బంగారం, లోపల లక్క. వెలుతురు రాయి గుండా లోపలికి వెళ్ళి, రేకును తాకి, ఎర్రబడి బయటికి వస్తుంది. నా అందమంతా ఆ రాకపోకల్లోనే ఉంది. మధ్యలో ఒక్క నీటిచుక్క దూరినా రేకు నల్లబడుతుంది, రాయి గుడ్డిదవుతుంది.

నన్ను మొదట పెట్టుకున్నది గుడివాడ సుభద్రమ్మ. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ సరే, పక్కింటివాళ్ళతో గోడ తగాదా తీర్చుకోవడానికి కూడా నన్ను పెట్టుకునే వెళ్ళింది. ఆ తగాదా ఆమే గెలిచింది. ఇంటికి రాగానే విప్పి, చెమట ఆరేదాకా పళ్ళెంలో ఉంచి, మెత్తటి పాత పంచె ముక్కతో తుడిచేది. నీళ్ళు మాత్రం తగలనిచ్చేది కాదు. "దీనికి నీళ్ళు పడవు" అనేది, జలుబు చేసే పిల్ల గురించి చెప్పినట్టు. ఎందుకు పడవో ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆమె తర్వాత కోడలు రాజ్యలక్ష్మి చేతికి వచ్చాను. ఆమెకు నేనంటే ఎంతో ప్రేమ. అందుకే పెట్టుకోలేదు. దొంగలంటే భయం, దిష్టి అంటే భయం, కొక్కెం ఊడి ఎక్కడ పడిపోతానో అని భయం. ప్లాస్టిక్ సంచిలో చుట్టి బ్యాంకు లాకరులో పెట్టింది. ఏడాదికోసారి తీసి, ఉన్నానని చూసుకుని, మళ్ళీ పెట్టేసేది. మనుషులు ఇష్టమైనవాటిని చీకట్లో ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అంతు పట్టలేదు.

ఇంతలో రాజ్యలక్ష్మి కొడుకు చక్రధర్‌కు పెళ్ళయింది. అతను విజయవాడలో పళ్ళ డాక్టరు. భార్య హిమబిందు. ఆషాఢమంతా పుట్టింట్లో ఉండి, శ్రావణం రాగానే తిరిగొచ్చింది. ఆ నెల్లాళ్ళ ఎడబాటును ఇద్దరూ ఏదో మహా విరహంలా చెప్పుకుంటుంటే, లాకరులో అన్నేళ్ళున్న నాకు నవ్వొచ్చింది. వాళ్ళ సంతోషాలు చాలా చవక. కుక్కరు కూతలు కలిసి లెక్కపెడతారు, మధ్యలో లెక్క తప్పుతారు. మెత్తబడిన అన్నాన్ని భలే ఉందని తింటారు.

ఆ శ్రావణంలో మంగళగౌరి నోముకని రాజ్యలక్ష్మి నన్ను తీసుకొచ్చి కోడలి మెడలో పెట్టింది. హిమబిందు అద్దం ముందు కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది, గడ్డం పైకెత్తింది.

"అత్తయ్యా, ఇది నా దగ్గరే ఉంచుకోనా? ఊరికే ఇంట్లో కూడా పెట్టుకుంటా."

"ఇంట్లో ఎవరైనా పెట్టుకుంటారటే? సరే, ఈ నెల చూస్తా. పదిలంగా ఉంచావా, నీ దగ్గరే. లేదూ, లాకరుకే. అన్నట్టు, దీనికి నీళ్ళు పడవట. మా అత్తగారు అనేవారు."

ఆ మాట హిమబిందు గట్టిగా గుర్తుపెట్టుకుంది. మొగుడికి చెప్పడం మాత్రం మరిచింది.

మొదటి మంగళవారం హిమబిందు వాళ్ళమ్మ వచ్చి దగ్గరుండి నోము చేయించింది. హిమబిందు ముత్తైదువులకు వాయనాలిచ్చింది. వాళ్ళు తిరిగి ఆమె మెడకు గంధం పూశారు, కొత్త పెళ్ళికూతురని ఇంకాస్త ఎక్కువే. సాయంత్రానికి ఆ గంధం నా రాళ్ళ సందుల్లో సున్నంలా గట్టిపడింది. ఆమె మెత్తటి గుడ్డతో తుడిచింది, రాలేదు. పుల్లతో గీకబోయి భయపడి మానేసింది. రేపు చూద్దామని బల్ల మీద పెట్టి, వాళ్ళమ్మను రైలెక్కించడానికి వెళ్ళింది.

చక్రధర్ క్లినిక్ నుంచి వచ్చి నన్ను చూశాడు. భార్య వచ్చేసరికి తళతళలాడించి ఇవ్వాలనుకున్నాడు. రాజ్యలక్ష్మి గాజులనూ గొలుసులనూ కుంకుడుకాయ రసంలో కడగడం చిన్నప్పటి నుంచీ చూసినవాడే. కుంకుళ్ళు కొట్టి, నీళ్ళు కాచి, నన్ను అందులో ముంచాడు. ఆ పైన మెత్తటి బ్రష్షు తీసుకుని, పంటి సందుల్లో గార తీసినట్టు ఒక్కో రాయి చుట్టూ ఎంతో ఓపికగా తోమాడు. పాటలు కూడా పాడాడు. మామూలు బంగారమైతే అతని సేవకు మురిసిపోయేది. నాకు మాత్రం ప్రతి గూట్లోనూ నీళ్ళు దిగాయి.

హిమబిందు వచ్చేసరికి నాలుగు రాళ్ళు నల్లబడ్డాయి. ఒకటి ఊడి గిన్నె అడుగున పడింది.

"ఏవండీ! ఏం చేశారు?"

"కడిగాను. ఎందుకలా చూస్తావ్? రాయి ఊడితే ఏమైంది బిందూ, నేను రోజూ పళ్ళకి క్యాపులు అంటిస్తా. ఆ సిమెంటుతో అతికించానంటే మన మనవళ్ళు లాగినా రాదు."

"దాన్ని ముట్టుకున్నారంటే ఇక్కడ మీ పళ్ళు ఊడతాయి!"

అతను బ్రష్షు కింద పెట్టాడు. ఆమె కుర్చీలో కూలబడింది. నేను తన దగ్గరుండేది ఈ నెల గడువు మీద. నెలలో మొదటి వారమే గడువు తీరిపోయింది. అత్తగారికి చెప్పకుండా బాగు చేయిద్దామని చక్రధర్ అన్నాడు. ఆమె కాసేపు ఆలోచించి, తల అడ్డంగా ఊపి, ఫోను తీసింది.

"అత్తయ్యా, అడ్డిగ పాడైంది."

"పాడవడమేంటే? తెగిందా?"

"తడిసింది."

"ఎవరు తడిపారు?"

హిమబిందు నోరు తెరిచేలోపు చక్రధర్ ఫోను దగ్గరికి వంగి అరిచాడు. "నేనేనమ్మా!"

"నీకు నగలతో పనేంట్రా? పళ్ళు చూసుకోక!"

మర్నాడు పొద్దున్నే రాజ్యలక్ష్మి గుడివాడ బస్సు దిగింది. నన్ను కిటికీ దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "లాకరులో ఉంటే ఈ గొడవ ఉండేదా?" అంది. హిమబిందు ఊడిన రాయిని కాగితంలో పొట్లం కట్టి సంచిలో వేసుకుంది.

అత్తా కోడళ్ళు కలిసి నన్ను బందరు తీసుకెళ్ళారు. కోటయ్యాచారి మనవరాలు శారదాంబ ఇప్పటికీ రాళ్ళు పొదుగుతుంది. చేతులు ఎంత పనిచేస్తాయో నోరు అంతకు రెట్టింపు. రాయి ఊడిన గూట్లో లోపలున్నదాన్ని సూదితో కదిపింది. లక్క పొడిపొడిగా రాలింది.

"నీళ్ళది పైపై తప్పే పిన్నిగారూ. లక్క ఎప్పుడో బీటలిచ్చేసింది. ఎన్నేళ్ళు పెట్టెలో ఉంచారేంటి?"

"పదిలంగా ఉంచామమ్మా!"

"అదే, నేననేదీ అదే. అప్పుడప్పుడు తీసి పెట్టుకుని ఉంటే ఓ రాయి కదిలినప్పుడే తెలిసేది. వచ్చి చేయించుకునేవాళ్ళు."

రాజ్యలక్ష్మి పమిట సర్దుకుని గోడవైపు చూసింది. హిమబిందు నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

నన్ను అక్కడే వదిలి వెళ్ళారు. పాత లక్క గోకారు, కొత్తది పోశారు, కొత్త రేకులు పరిచారు. ఒళ్ళంతా కొత్త పక్క వేసుకున్నట్టు హాయిగా అనిపించింది. రెండో మంగళవారం హిమబిందు నేను లేకుండానే నోము చేసుకుంది. ఆ మర్నాడు అత్తా కోడళ్ళు నన్ను తీసుకోవడానికి వచ్చారు.

శారదాంబ నన్ను అప్పగిస్తూ ఆగకుండా చెప్పుకుపోయింది. "అలంకారమంతా అయ్యాక చివర్న ఇది పెట్టుకోండి. విప్పేప్పుడు ముందు ఇది విప్పండి. స్ప్రే కొట్టుకుంటే ఆరాకే పెట్టుకోండి. గంధం పూసేవాళ్ళుంటే ముందే చేతులు చాపేయండి, మెడ ఇవ్వకండి. పొడిగుడ్డతో తుడిచి, నూలుగుడ్డలో చుట్టి, విడిగా పెట్టండి. గాజులతో కలిపి పడేస్తే రాళ్ళు గీసుకుపోతాయి. ఇవాళ మాత్రం సంచిలో కుక్కి బస్సెక్కకండి, లక్క ఇంకా కుదురుకోవాలి. మెడలో పెట్టుకునే వెళ్ళండి."

హిమబిందు ఆశగా మెడ ముందుకు చాచింది. ఆమె వేసుకున్నది పంజాబీ డ్రెస్సు, మెడ బోడిగా ఉంది. పైన ఉన్న చున్నీ గాలికి ఎగిరిపోయే రకం.

"బస్సులో అందరికీ కనపడదూ? నువ్వొద్దు" అంది రాజ్యలక్ష్మి.

"అయితే మీరు పెట్టుకోండి అత్తయ్యా. పమిట కప్పుకుంటే ఎవరికీ తెలీదు."

"నాకా? ఈ వయసులోనా? ఊరుకోవే!"

"మీ మెడకి నేను పెడతాగా. ఇటు తిరగండి."

నా కొక్కెం రాజ్యలక్ష్మి మెడ వెనక పడింది. ఆమె పమిట నిండా కప్పుకుని కిటికీ పక్కన కూర్చుంది. పామర్రు దాకా బిగుసుకునే ఉంది. ఆ తర్వాత పమిట కింద నుంచి వేలు ఒకటి వచ్చి పతకాన్ని తాకింది. మళ్ళీ వచ్చింది. కంకిపాడు దాటాక ఆ వేలు వెనక్కి వెళ్ళనేలేదు. హిమబిందు అన్నీ చూస్తూ, నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంది.

చక్రధర్ తలుపు తీశాడు. "ఏంటమ్మా, ఇవాళ కొత్తగా ఉన్నావు?"

"మెడ చూడరా. పళ్ళు తప్ప ఏదీ కనపడదు నీకు."

ఇంట్లోకి వచ్చాక హిమబిందు చెయ్యి చాచింది. గొంతు మామూలుగానే ఉంచుకోవాలని చాలా ప్రయత్నించింది. "ఇటివ్వండి అత్తయ్యా. తుడిచి గుడ్డలో కట్టిస్తా. రేపు మీరు లాకరుకి తీసుకెళ్దురుగాని."

"ఉండనీవే. ఇంకాసేపు."

రాజ్యలక్ష్మి వంటింట్లోకి వెళ్ళి, చిక్కుడుకాయలూ పళ్ళెమూ తెచ్చుకుని కూర్చుంది. నేత చీర, మెడలో నేను, ఒళ్ళో చిక్కుడుకాయలు. ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే అంది.

"మంగళవారం నీ పేరంటానికి నువ్వు పెట్టుకో. శనివారం మా తమ్ముడి మనవరాలి బారసాల, ఆ రోజు నాక్కావాలి. ఆదివారం తెచ్చిస్తా."

"మళ్ళీ నాకేనా?"

"కాకపోతే ఎవరికి? వీడికా?"

చక్రధర్ దూరంగా నిలబడి, ముట్టుకోనని రెండు చేతులూ పైకెత్తాడు. హిమబిందు గబగబా లోపలికి పరిగెత్తి పొడిగుడ్డ తెచ్చుకుంది. నన్ను విప్పితే తుడుద్దామని అత్తగారి పక్కనే చతికిలబడి కూర్చుంది. రాజ్యలక్ష్మి ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

నాకూ తొందరేమీ లేదు.