సిమెంటు తల

గుడి ఊడ్చే ముసలి ఛుమ్ చీపురు పక్కన పెట్టి, స్టూలెక్కి అమ్మవారి మొహం తుడిచి పౌడరు అద్దుతున్నాడు. మెడ కిందంతా పాతకాలపు ఇసుకరాయి, నున్నటి భుజాలు, మడతలు తేలిన పావడా. మెడ పైన సిమెంటు. అసలు తల దొంగలు కోసుకుపోయాక, ఇనప చువ్వ దిగ్గొట్టి అతను పెట్టిందే. చప్పిడి ముక్కు, ఎడం బుగ్గ మీద సొట్ట. తడి సిమెంటును బొటనవేలితో నొక్కితే పడిన సొట్ట అది.

"ఉన్న పౌడరంతా ఆవిడకే పూసెయ్యి" అంది తమలపాకులమ్మే యాన్, వక్క నములుతూ. "ఆ ముక్కు మీ ఇంటిదే గదా బావా. ఊరంతా మీ ముక్కుకే దణ్ణం పెడుతోంది."

"నోర్ముయ్" అన్నాడు, నవ్వకుండా.

ఆ మొహం అతని కూతురు కుంథియాది. నల్లబట్టల తిరుగుబాటుదార్లు దేశాన్నేలిన రోజుల్లో, వాళ్లు జనంతో వెట్టికి కాలవ తవ్వించే చోట ఆకలికి పోయింది. ఫోటో లేదు. ఆ పిల్లను చూసినవాళ్లలో మిగిలింది అతనొక్కడే.

ఎండెక్కాక నగరం నుంచి లారీ వచ్చింది. శిల్పాలు బాగుచేసే విబోల్ అందులోంచి పెద్ద చెక్కపెట్టె దింపించాడు.

"అసలు తల దొరికింది తాతా. సముద్రం అవతల ఎవడో షావుకారింట్లో. ఇది తీసెయ్యాలి."

"ఇన్నాళ్లూ మొక్కింది దీనికే బాబూ. ఉండనివ్వరాదూ?"

విబోల్ వెనక్కి తీసుకెళ్లి భుజం చూపించాడు. "నీ చువ్వ తుప్పు పట్టి ఉబ్బింది. లోపల్నుంచి అమ్మవారిని చీలుస్తోంది."

ఛుమ్ ఆ పగుల్లో వేలు పెట్టాడు. గోరు మునిగింది. రోజూ తుడుస్తూనే ఉన్నాడు, మరకనుకున్నాడు.

"నేనే దించుతా. మొహం పగలనివ్వను."

మధ్యాహ్నం దాకా రంపం ఆడించాడు. తల కదిలింది. చంటిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులూ పట్టాడు. తుప్పు దాన్నీ లోపల తినేసింది. చేతుల్లోనే ముక్కలై జారిపోయింది.

"అయ్యో తాతా" అన్నాడు విబోల్.

"నీ పని చూసుకో బాబూ."

పొద్దు వాలేసరికి అసలు తల ఆనించి చూశారు. సగం మూసిన కళ్లు, ఎవరి కోసమూ కాని చిరునవ్వు. జనం అగరొత్తులు గుచ్చి, చేతులు జోడించారు.

"బాగుందా బావా?" అని మెల్లగా అడిగింది యాన్.

"బాగుంది. ఎవరో తెలీదు."

మర్నాడు చీపురు చప్పుడు వినపడలేదు. యాన్ వెళ్లి చూస్తే, చాప మీద గోడవైపు తిరిగి చల్లబడి ఉన్నాడు.

సిమెంటు ముక్కలు ఎవరో గోనెసంచిలోకి ఎత్తారు. పీఠం వెనక బుగ్గ ముక్క ఒకటి ఉండిపోయింది. దాని సొట్టలో ఇంకా కాస్త పౌడరు ఉంది.