నాలుగు అంగుళాలు

పొద్దున్నే పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, పాలు పొంగేలోపు రెండు కాజాలు కుట్టేయడం సూదయ్యకు పంతొమ్మిదేళ్ళ అలవాటు. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క కూడా పొయ్యి మీద పడలేదని ఆయన అంటాడు. మూడుసార్లు పొంగాయని ఆయన భార్య అంటుంది. ఆవిడ బస్సు డ్రైవరు; దారిలో గుంతల లెక్క కూడా తప్పని మనిషి. కాబట్టి మూడే అనుకోవాలి.

ఈ రోజు నాలుగోసారి పొంగాయి.

సూదయ్య అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఉత్తరాలు తెచ్చేవాడు కూడా గుమ్మం ముందు నిలబడి "సూదయ్యగారూ" అనే కేకేస్తాడు. పాప పుట్టినప్పుడు ఇద్దరిలో ఒకరు ఇంటిపట్టున ఉండాల్సి వచ్చింది. ఆవిడకు బస్సుంది, ఈయనకు గోదాములో మూటలు లెక్కపెట్టే పనుంది. "నువ్వు చూడకపోతే మూటలేమీ నడిచి వెళ్ళిపోవులే" అని ఆవిడ ఒక్క మాటతో తేల్చేసింది. అప్పటినుంచి ఇల్లు ఆయనది. ఖాళీ డబ్బాల్లో మొక్కలు, అరిగిన సబ్బు ముక్కలన్నీ కరిగించి పోసిన కొత్త సబ్బులు, గుమ్మం దగ్గర గుడ్డపీలికలు అల్లిన పట్టా. చేతులు ఊరుకునే రకం కాదు. ఆయన కుట్టిన గుండీ గురించి వీధిలో ఒక మాట ఉంది: చొక్కా చివికి గాలిలో కలిసిపోయినా గుండీ మాత్రం ఛాతీకి ఎదురుగా నిలబడే ఉంటుందట. చూసినవాళ్ళు కూడా ఉన్నారు.

పొయ్యి తుడవకుండానే ఆయన మిషను ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు కూతురు నర్సు శిక్షణకు వెళుతోంది. రెండు తెల్లకోట్లు వెంట తెచ్చుకోవాలని కాగితం వచ్చింది. ఒకటి దుకాణంలో కొన్నారు. రెండోది తాను కుడతానన్నాడు. "ఎందుకులే నాన్నా, అక్కడే కొనుక్కుంటాను" అంది పిల్ల. విసుక్కుంటూ కాదు, మామూలుగానే అంది. అయినా ఆయనకు మూడు రోజులుగా ముద్ద దిగలేదు.

కారణం ఉంది. పిల్ల చిన్నప్పుడు ఏ గౌను కుట్టినా కింద నాలుగున్నర అంగుళాలు లోపలికి మడిచేవాడు. అర అంగుళం అంచుకు, నాలుగు అంగుళాలు ఎదుగుదలకు. పిల్ల పొడుగైనప్పుడల్లా కుట్లు విప్పి ఒక అంగుళం దించేవాడు. గౌను ఎప్పుడూ పొట్టి కాలేదు గానీ, పాత మడతల గీతలు మాత్రం ఎంత ఇస్త్రీ చేసినా పోయేవి కావు. బడిలో పిల్లలు "గీతల గౌను" అని పేరు పెట్టారు. ఒక సాయంత్రం పిల్ల పుస్తకాల సంచి గుమ్మంలో విసిరేసి, "నీ కుట్లు నాకొద్దు" అంది. అంతే, మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఆ తర్వాత దాని బట్టలన్నీ దుకాణంలోవే. సూదయ్య దిండు గలీబులు, కిటికీ తెరలు కుట్టుకుంటూ ఉండిపోయాడు.

అందుకే ఈ కోటు దుకాణం కోటు పక్కన పెడితే ఏది ఏదో తెలియకూడదు. పిల్ల దాన్ని ఒంటి మీద వేసుకోవాలి. పెట్టె అడుగున పెట్టుకుంటే చాలదు.

"ఏమయ్యా సూదయ్యా, కోటు కుడుతున్నావా, కోట కడుతున్నావా?" గోడ మీదుగా పక్కింటి పిన్ని అడిగింది.

"రాళ్ళు చాలలేదు పిన్నీ, మీ గోడలోంచి రెండు ఇస్తారా?"

వంట చేశాడు, మొక్కలకు నీళ్ళు పోశాడు, పిల్ల తువ్వాలు వెతికిపెట్టాడు. సందు దొరికినప్పుడల్లా కుట్టాడు. ఒంటిగంటన్నరకు అంచు చేత్తో కుట్టి, దారం పంటితో తెంపాడు.

పిల్ల వేసుకుని చూసుకుంది. భుజాలు అతికినట్టు కూర్చున్నాయి. జేబులు సరైన చోట ఉన్నాయి. అద్దం ముందు ఒకసారి గిర్రున తిరిగింది. కోటు కింది భాగం బరువుగా వచ్చి మోకాళ్ళకు తగిలింది. వంగి అంచు తిప్పి చూసింది.

నాలుగున్నర అంగుళాల మడత.

సూదయ్య చూసి, చెవులదాకా ఎర్రబడ్డాడు.

"నాన్నా, నాకిప్పుడు ఎన్నేళ్ళు?"

"పంతొమ్మిది."

"ఇంకా పెరుగుతానా?"

"నాకు తెలుసమ్మా. ఈ చేతులకే ఎవరూ చెప్పలేదు." కోటు కోసం చెయ్యి చాపాడు. "ఇలా ఇచ్చెయ్. విప్పి కుట్టే టైము లేదు. కొన్నది పట్టుకెళ్ళు. దీంతో గలీబులు కుట్టుకుంటాను."

పిల్ల గోడ గడియారం వైపు చూసింది. కోటు విప్పి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కుట్లు పటపటా తెంపింది. అర అంగుళం ఉంచి మిగతాది కత్తెరతో చుట్టూ కత్తిరించేసింది.

"నువ్వు ఆ వైపు నుంచి రా. నేను ఈ వైపు నుంచి వస్తా."

ఇద్దరూ చెరొక సూది పట్టుకున్నారు. కాసేపటికి సూదయ్య కళ్ళజోడు మీంచి చూశాడు. పిల్ల కుట్టు చిన్నగా, కాస్త ఏటవాలుగా, ప్రతి మూడోదీ బిగించి పడుతోంది. అది అచ్చం ఆయన కుట్టు.

"ఎవరు నేర్పారే?"

"ఎవరు నేర్పాలి? పుట్టినప్పటినుంచీ ఈ ఇంట్లో నేను చూసిన సినిమా ఇదొక్కటే కదా."

రెండు సూదులూ వెనకవైపు మధ్యలో కలుసుకునేసరికి వీధి చివర బస్సు హారను మోగింది. రెండుసార్లు పొడుగ్గా, ఒకసారి పొట్టిగా. అది ఇంటి హారను. వెనకే బస్సు నడిపే పిల్ల తల్లి గొంతు: "బండి నిండా జనం ఉన్నారు! తండ్రీకూతుళ్ళు వస్తారా, నన్ను ఇంజను ఆపమంటారా?"

మడతపెట్టే సమయం లేదు. పిల్ల కోటు అలాగే తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూనే పెట్టె అందుకుంది. సూదయ్య సంచి మోశాడు. బస్సు మెట్టు మీద పిల్ల వెనక్కి తిరిగి, "పొయ్యి తుడువు నాన్నా, పాలు ఎండిపోయాయి" అంది. తలుపు మూసుకుంది. తెల్లకోటు రెండో కిటికీ దాకా కనిపించింది.

ఆయన ఇంటికొచ్చి పొయ్యి తుడిచాడు. పాలు గట్టిగా పట్టేశాయి, చాలాసేపు రుద్దాల్సి వచ్చింది.

మిషను మీద నాలుగు అంగుళాల తెల్లటి గుడ్డపట్టీ వేలాడుతూ ఉంది, పిల్ల గుచ్చి వెళ్ళిన సూదితో, సూదిలో ఇంకా మిగిలిన జానెడు దారంతో.