నెక్స్ట్ స్కిన్

బెంగుళూరు క్రీము కంపెనీ ఒకటి ఆదోనిలో కల్యాణ మండపం పైఅంతస్తు బాడుగకు తీసుకుని, ఆడవాళ్ల చెంపల మెరుపూ నునుపూ కొలిచే పరీక్ష పెట్టింది. పెన్నులాంటి మిషను చెంపకు ఆనించి, తెరమీద అంకె చూసి రాసుకోవడం ఈశ్వరి పని. ఎమ్మిగనూరు నేతగాళ్ల పిల్ల, బీఎస్సీ చదివింది. పనంటే ఆమెకు ఇష్టమే. పెద్దసారు రఘునాథ్ అంటేనే ఒళ్లు మంట. వచ్చినవాళ్లను ఆయన పేరుతో పిలవడు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, "నెక్స్ట్ స్కిన్ పంపు" అంటాడు.

మొదటిసారి, పత్తిచేలనుంచి నేరుగా ఆటోల్లో దిగినవాళ్లను దుమ్ము మొహాలతోనే కొలిపించాడు. రెండు నెలలు రాసుకోమని ట్యూబులిచ్చి పంపాడు. ఆఖరి కొలతకు మాత్రం సబ్బుతో మొహాలు కడిగించి, ఏసీ గదిలో కూర్చోబెట్టాడు.

"రెండుసార్లూ ఒకే మాదిరి కొలవాల గదా సార్. ఇట్లయితే మెరిసేది సబ్బుకా, క్రీముకా?" అంది ఈశ్వరి.

"నీకు జీతం కొలిచేందుకు. ఆలోచించేందుకు కాదు," అన్నాడాయన ఫోనులోంచి తలెత్తకుండా.

ఆ రోజు అందరికంటే మెరిసింది సి.బెళగల్ నుంచి వచ్చిన ఉచ్చీరమ్మ చెంప. రఘునాథ్ గబగబా లేచి వచ్చాడు. ప్రకటనకు ఈమె ఫోటోనే కావాలన్నాడు. అంతకుముందు ఆమె మొహం చూసి ఎరగడు, ఇప్పుడు నవ్వాడు.

"క్రీము రోజూ రాసుకున్నావామ్మా?"

"యాడప్పా! ఒక దినం పూసుకుంటే సెంప బగ్గున మండె. మా ఎద్దుకు కాడి ఒరుసుకొని మెడ పుండైంటే దానికి పూసినా. ఇంకో రెండుంటే ఇయ్యప్పా."

గదంతా గొల్లుమంది. రఘునాథ్ మొహం కందగడ్డయింది. "రోజూ రాసుకుందని రాయి," అని ఈశ్వరికి చెప్పి, కెమెరా తెమ్మన్నాడు.

ఉచ్చీరమ్మ కొంగు దులుపుకుని లేచింది. "పూసుకోనిదాన్ని పూసుకున్న్యానని ఊరంతా సూపిస్తావా? ఇది నీ ఇంట్లో సెప్పుకునే పనేనా అప్పా?"

ఆమెది ఆయన తల్లి వయసు. ఆయన మళ్లీ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "వీళ్ల మొహాలకు సున్నం పూసినా ఒకటే," అని ఇంగ్లీషులో గొణిగాడు. గదిలో ఆ మాట అర్థమైంది ఈశ్వరికొక్కదానికే. మిషను తీసి బల్లమీద పెట్టింది.

"ఈమె వాడలేదనే రాసినా సార్. మొదటి కొలత దుమ్ముమీద తీసినామనీ రాసినా. మార్చాలంటే మీరే మార్చుకోండి. రిపోర్టులో నా పేరు మాత్రం వద్దు."

"నీ పేరా?" పకపకా నవ్వాడు రఘునాథ్. "అందులో నీ పేరు ఎప్పుడుంది?"

ఏడుపు రావాల్సిన చోట ఈశ్వరికి ఆయనమీద రోత పుట్టింది. ఇలాంటివాడు ఒక్కసారి తన పని బాగుందంటే చాలని ఇన్నాళ్లూ ఎదురుచూసినందుకు, తనమీద కూడా. ఉచ్చీరమ్మ వెంట మెట్లు దిగి బస్టాండుకు నడిచింది.

క్రీము అంగళ్లకు వచ్చింది. పరిశోధనలో తేలిన మెరుపని డబ్బామీద అచ్చేశారు. ఈశ్వరి ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక బడిలో సైన్సు చెబుతోంది. ఎవరైనా అడిగితే ఆ గదిలో జరిగింది జరిగినట్టు చెబుతుంది. కొందరు నమ్ముతారు. ఉద్యోగం పోయిన కడుపుమంట అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో ఆమె వాదం పెట్టుకోదు.