ఎదుటి గట్టు

కొండబాబు అప్పటికే చేపల చెరువు పడమటి వైపంతా తిరిగేశాడు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి మేతగా కుక్కిన చిల్లుల సంచిని నీళ్లలో పాతిన వెదురుకర్రకు కట్టడం, గెడ వేసి పడవను మరో కర్ర దగ్గరికి తొయ్యడం, అక్కడ ఇంకో సంచి కట్టడం. మీసాలు రాని వయసులో పట్టుకున్న గెడ అది. ఇప్పుడు మీసాలు తెల్లబడ్డాయి, అరచేతులు గెడలాగే నున్నగా అరిగాయి. చేపలు మాత్రం ఎప్పటికప్పుడు కొత్తవే.

పొద్దున్నే పడమటి గట్టున గుంజ దగ్గర పడవ విప్పుతాడు. చెరువు చుట్టూ తిరిగి మళ్లీ ఆ గుంజకే కడతాడు. తాడు ఒరుసుకుని ఒరుసుకుని ఆ తాటిగుంజ నడుము సన్నబడిపోయింది.

ఆ తిరుగుడు గురించే ఒకసారి కూతురు తేజశ్రీ మాట జారింది. ఫిజిక్సు పుస్తకం పైకి చదువుకుంటూ, వల బాగుచేసుకుంటున్న తండ్రిని చూసి నవ్వింది.

"నాన్నా, నువ్వు రోజూ ఎంత తిరిగినా నీ స్థానభ్రంశం సున్నాయే."

"అంటే ఏంటమ్మా?"

"దూరం అదిశ రాశి. ఎంత తిరిగావో చెబితే చాలు. స్థానభ్రంశం సదిశ రాశి. బయల్దేరిన చోటు నుంచి తిన్నగా ఎంత జరిగావు, ఎటు జరిగావు, రెండూ చెప్పాలి. నువ్వు మళ్లీ గుంజ దగ్గరికే వచ్చేస్తావు కదా!"

"సున్నా అయితే మరి చేతులెందుకే నొప్పెడతన్నాయి?"

"నొప్పికి దిక్కుతో పనిలేదు నాన్నా. తిరిగిందంతా లెక్కే."

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ సున్నా కొండబాబు గుండెలో ముల్లులా దిగి ఉండిపోయింది. అయినా చెరువు వదల్లేదు. ఏలూరు కాలేజీలో కూతురికి పట్టా ఇచ్చే రోజుకీ వెళ్లలేదు, బావమరిది పెళ్లికీ వెళ్లలేదు. ఎవరు పిలిచినా ఒకటే మాట అనేవాడు.

"మేత వేళకి చేపలు కర్రల దగ్గరకొచ్చి చూస్తుంటాయండి."

"ఆ చేపలకే ఇచ్చి పెళ్లి చెయ్యాల్సింది ఈయన్ని" అనేది భార్య మంగమ్మ.

ఈవేళ మాత్రం మాటిచ్చాడు. తేజశ్రీకి తాడేపల్లిగూడెం జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఈరోజే చేరాలి. తను పాఠం చెప్పే గది నాన్న చూసి తీరాలని ఆ పిల్ల పట్టు. బస్సు తూర్పు గట్టు మీది రోడ్డుకు వస్తుంది. "నువ్వు రాకపోతే నేనూ ఎక్కను" అని చెప్పి, పెట్టె పట్టుకుని ముందే వెళ్లి అక్కడ నిలబడింది. కొండబాబు ఇస్త్రీ చొక్కాను కవర్లో పెట్టి పడవ ముక్కుకు తగిలించుకున్నాడు.

సంచులు ఇంకా మిగిలే ఉన్నాయి. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. గెడ వేసేవాడికి భుజం నొప్పి వింతా అనుకున్నాడు. దూరంగా తూర్పు గట్టున కూతురి పచ్చ చున్నీ రెపరెపలాడింది. చుట్టూ తిరిగి, గుంజకు పడవ కట్టి, నడిచి వెళ్లేసరికి బస్సు దాటిపోతుంది. కొండబాబు ఎన్నడూ చెయ్యని పని చేశాడు.

"ఇయ్యాలకి కాస్త ఆగండర్రా" అని చేపలకు చెప్పి, పడవను చెరువు నడిమికి, తిన్నగా కూతురి వైపు తిప్పాడు.

నడిమి నీళ్లు వేరు. అక్కడ గట్లు సన్నటి గీతలైపోయాయి. ఆకాశం పడవ కింద కూడా పరుచుకుంది, కొంగలు అందులోనే ఎగురుతున్నాయి. తాను ఇన్నేళ్లూ తిరిగిన కర్రలు ఇక్కణ్నుంచి ఇంత అందంగా ఉంటాయని అతనికి తెలియదు. గెడ బరువెక్కింది. పడమటి గాలి వీపున చెయ్యి వేసి తోస్తోంది. గాలే తోస్తుంటే మనమెందుకని గెడ పడవలో పెట్టి, తవుడు సంచికి ఆనుకుని కూర్చున్నాడు. చున్నీ పచ్చదనం దగ్గరవుతోంది. నొప్పి తగ్గింది. హాయిగా కళ్లు మూసుకున్నాడు.

"నాన్నా, బస్సొచ్చేస్తోంది!" అని తేజశ్రీ కేకేసింది. తండ్రి కునుకు తీస్తున్నాడనుకుని నవ్వుకుంది కూడా. పడవ తొందర లేకుండా వచ్చి ఆమె కాళ్ల దగ్గర గట్టుకు ఆనింది. వంగి భుజం పట్టుకుని కదిపింది. అతని తల పక్కకు వాలిపోయింది.

బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. తేజశ్రీ పడవలోకి దిగి తండ్రి తలను ఒళ్లో పెట్టుకుంది.

"సున్నా కాదు నాన్నా, సున్నా కాదు" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎప్పటికో తలెత్తి చూసింది. పడవ వచ్చిన దారి నీళ్ల మీద మిగల్లేదు. అవతలి గట్టున, సరిగ్గా ఆమెకు ఎదురుగా, తాడు లేని గుంజ ఒక్కటే పుల్లంత కనబడుతూ నిలబడి ఉంది.