పదకొండో అంశం మీద చర్చ

పోయిన పదహారు నెలలుగా థియా ప్రూయిట్ ప్రపంచంలో అందరితోనూ మాట్లాడుతోంది, సొంత తమ్ముడితో తప్ప. సెనేటరు ఆఫీసుకు వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది. జిల్లా వారపత్రికకు పొడుగాటి ఉత్తరాలు రాస్తుంది. సంపాదకుడు వాటిని సగానికి కోసి వేసుకుంటాడు. నార్వేలో, కెన్యాలో, పెరూలో ఆమెకు కలం స్నేహితులున్నారు. వయసు డెబ్బై దాటినా, ఐక్యరాజ్యసమితిని ఎవరైనా ఒక్క మాటంటే కిరాణా కొట్టులోనైనా సరే నిలబెట్టి పాఠం చెబుతుంది. తమ్ముడు లైల్ ఇల్లు ఆమె ఇంటికి అరమైలు దూరం. అటు మాత్రం తల తిప్పదు.

గొడవ ఎన్నికలైన నెలలోనే, థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర జరిగింది. తను ఎవరికి ఓటేశాడో లైల్ నోరు జారాడు. థియా టర్కీ కోడిని కోస్తున్నదల్లా ఆగి, "నీలాంటివాణ్ణి తమ్ముడని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది," అంది. లైల్ ఒళ్ళోని గుడ్డ మడిచి కంచం పక్కన పెట్టి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అన్న మాట థియాను ఆ పూట నుంచే కోస్తూ ఉంది. అయినా ముందు వాడే రావాలనుకుంది. ముందు అక్కే రావాలని అతనూ అనుకున్నాడు. ప్రూయిట్ల ఇంట్లో దేనికైనా కరువుంటుందేమో గానీ పంతానికి లేదు.

ఫిబ్రవరిలో ఊరి సభ తాలూకు పుస్తకం పోస్టులో వచ్చింది. మార్చి మొదటి మంగళవారం ఆల్డర్‌ఫోర్డ్ జనమంతా స్కూలు హాల్లో కూర్చుని, రోడ్ల మీద ఎంత ఉప్పు చల్లాలన్న దగ్గర్నుంచి అన్నీ తామే తేల్చుకుంటారు. ఎవరైనా సరే సంతకాలు పోగుచేసి ఒక అంశం పెట్టించవచ్చు. థియా టీ తాగుతూ పేజీలు తిప్పి, పదకొండో అంశం దగ్గర కప్పు కింద పెట్టేసింది. 'పోంక్లేర్ గ్రామంతో నలభై ఏళ్ళుగా అమలులో ఉన్న అగ్నిమాపక సహాయ ఒప్పందమును రద్దు చేయుట గురించి.' కింద అర్జీదారుల పేర్లున్నాయి. మొట్టమొదటి పేరు లైల్ ప్రూయిట్.

పోంక్లేర్ సరిహద్దుకు అవతల, కెనడాలో ఉంది. మూడు మైళ్ళు. ఇక్కడ ఇల్లంటుకుంటే వాళ్ళ ఫైరింజను వస్తుంది, అక్కడ అంటుకుంటే వీళ్ళది వెళ్తుంది. ఆ ఒప్పందాన్ని స్కూలు టైపు మిషను మీద కొట్టింది థియాయే. ఊరి తరఫున సంతకం పెట్టింది, అప్పట్లో ఫైర్ స్టేషనుకు కుర్ర అధికారిగా ఉన్న లైల్. ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పినంతకాలం థియా పిల్లలకు ఆ కాగితమే చూపించేది. దేశాలు కలిసి బతకడమంటే ఇదే, దీన్నే పెద్దది చేస్తే చాలు అనేది.

తన దేశం ఒక్కో ఒడంబడిక నుంచి చెయ్యి వెనక్కి లాక్కుంటుంటే టీవీ ముందు కూర్చుని ఆమె ఎన్నోసార్లు కళ్ళు తుడుచుకుంది. ఎక్కడో రాజధానిలో, ముక్కూమొహం తెలియనివాళ్ళు చేశారులే అని సర్దుకునేది. ఇప్పుడు చేస్తున్నది తను చెయ్యిపట్టి నడక నేర్పిన తమ్ముడు. ఓటుతో ఆగకుండా ఇంతదాకా వచ్చాడా అనుకుంది.

నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకుంది. పోంక్లేర్ ఫైర్ స్టేషను పెద్ద ఓడిల్ గ్రెనియేకు ఫోన్ చేసింది.

"నువ్వొచ్చి మా సభలో మాట్లాడాలి ఓడిల్."

"నిజంగానే రమ్మంటున్నావా?"

"ఇదేం ప్రశ్న? రాకపోతే ఊరుకోను."

"సరే మరి. నువ్వే అంటున్నావు కాబట్టి వస్తా."

సభకు ముందురోజు పొద్దున థియా కారులో వస్తుంటే, లైల్ పాకం కాచే షెడ్డు మీంచి ఆవిరి లేస్తూ కనిపించింది. మేపుల్ చెట్ల నుంచి తీపి నీరు దిగే రోజులవి. అతను లోపల పొయ్యి దగ్గర నిలబడి పాకం కాస్తుంటాడు. థియా కారు నెమ్మది చేసింది. చేతులు స్టీరింగును కొంచెం తిప్పాయి కూడా. దిగి, ఎందుకురా ఈ పని చేశావు అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. కానీ అడగడం కన్నా ఓడించడమే తేలికనిపించింది. ముందుకు పోనిచ్చింది.

మంగళవారం హాలంతా బురద బూట్లే. వెనక బల్లల మీద ఇంటింటి నుంచీ తెచ్చిన చిక్కుడుగింజల కుండలు, ఆపిల్ పైలు. ఆడవాళ్ళు అల్లికలు తెచ్చుకున్నారు. అధ్యక్షుడి కుర్చీలో మెరిట్ కూర్చున్నాడు. ఆరో తరగతిలో ఆఫ్రికాను తలకిందులుగా గీసి థియా చేత చీవాట్లు తిన్నవాడు. ఓటు లేని బయటివాళ్ళకు గోడవారగా వేసిన కుర్చీల్లో ఓడిల్ ఒక్కతే ఉంది. లైల్ చిట్టచివరి వరసలో, తలుపు దగ్గర.

మంచు తోసే బండికి కొత్త టైర్లు కొనాలా వద్దా అన్నదానికే గంట పట్టింది. తర్వాత మెరిట్ గొంతు సవరించుకున్నాడు.

"పదకొండో అంశం. లైల్, అర్జీ నీదే కదా, చెప్తావా?"

"ముందు వేరేవాళ్ళని కానీ," అన్నాడు లైల్ కూర్చునే.

థియా లేచింది. "అధ్యక్షా, మన అతిథికి మాట్లాడే అవకాశం ఇవ్వాలని కోరుతున్నా."

"మన ఊరి సంగతి మనం తేల్చుకోలేమా? కెనడావాళ్ళు దేనికి?" అని ఎవరో గొణిగారు. అభ్యంతరం వస్తే ఓటు పెట్టాలి. మెరిట్ ఇష్టమైనవాళ్ళని 'అవును' అనమన్నాడు. హాలు 'అవును' అంది. అన్నిటికన్నా గట్టిగా తలుపు దగ్గర్నుంచి వినిపించింది. అది లైల్ గొంతు. ఇందులో ఏదో ఎత్తు ఉందనుకుంది థియా.

ఓడిల్ నిలబడింది. "నాకు ఉపన్యాసాలు రావు. థియా రమ్మంది, వచ్చా. ఆగస్టులో మా ఊళ్ళో త్రాంబ్లేవాళ్ళ పశువుల కొట్టం అంటుకుంది. మీకు ఫోన్ చేశాం. మీరు రాలేదు. మా ఒక్క ఇంజను సరిపోలేదు. పదకొండు ఆవులు పోయాయి. దెప్పడానికి రాలేదు నేను. ఎందుకు రాలేదో మాకెవరూ చెప్పలేదు, అదొక్కటే మనసులో ఉండిపోయింది."

అల్లిక సూదులు ఆగిపోయాయి. వేదిక మీదున్న, ఊరి పనులు చూసే బోర్డు పెద్ద నేలచూపులు చూశాడు. ఆగస్టులో థియా వాషింగ్టన్‌లో ఉంది, ప్రపంచ దేశాల సహకారం కోసం అట్టముక్క పట్టుకుని ఊరేగింపులో. కొట్టం కాలిందని తెలిసి ఓడిల్‌కు ఓదార్పు కార్డు పంపింది. మన బండి వెళ్ళిందా అని అడగాలని తోచనే లేదు. వెళ్ళకుండా ఎలా ఉంటుంది అనుకుంది.

లైల్ లేచాడు. మోకాళ్ళు సహకరించక ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఆ రోజు డ్రైవరు సీట్లో ఉన్నది నేనే. అధికారిగా దిగిపోయినా బండి ఇంకా నేనే నడుపుతున్నా కదా. బోర్డు నుంచి ఫోనొచ్చింది. సరిహద్దులో రూల్స్ మారుతున్నాయి, ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో, కనుక్కునేదాకా ఆగమన్నారు. ఆగా. నలభై నిమిషాలు ఇంజను ఆపకుండా కూర్చున్నా. అక్కణ్ణుంచి పొగ కనిపిస్తూనే ఉంది. పోనిచ్చేస్తే ఎవడు ఆపేవాడు నన్ను? ఎవడూ లేడు. కూర్చున్నా. మన స్టేషన్లో ఆ ఒప్పందాన్ని అద్దం కట్టించి పెట్టుకున్నాం. దాని కింద నా సంతకం. రోజూ దాన్ని చూసి లోపలికి వెళ్ళాలంటే మొహం చెల్లడం లేదు. వెళ్ళనప్పుడు వెళ్తామని రాసుకోవడం దేనికి? తీసేద్దామనే అర్జీ పెట్టా. ఓడిల్, నన్ను క్షమించు. ఏడు నెలలు ఆలస్యంగా అడుగుతున్నా."

"ఆ కాగితంలో ఏముందో నాకిప్పటికీ తెలీదు లైల్," అంది ఓడిల్. "ఎప్పుడూ చదవలేదు. పొగ కనిపిస్తే మేం వచ్చేస్తాం, అంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టే సందర్భం కాదని అందరికీ తెలుసు.

"థియా టీచరుగారూ, మీ వంతు," అన్నాడు మెరిట్. "మూడు నిమిషాలు. పత్రికవాడిలా నేను మిమ్మల్ని కోయలేను, దయచేసి మీరే చూసుకోండి."

కొందరు నవ్వారు. థియా చేతిలో నాలుగు పేజీలున్నాయి. 'దేశాలు ఒకదాని మాట ఒకటి వినడం మానేసిన ఈ కాలంలో' అని మొదలవుతుంది. లోకంలో ఎవరి బాధ విన్నా కదిలిపోయే మనిషి, అరమైలు దూరంలో ఏడు నెలలుగా కుమిలిపోతున్నవాణ్ణి కనిపెట్టలేకపోయింది. కాగితాలు కుర్చీలో పడేసింది.

"సవరణ ప్రతిపాదిస్తున్నా. రద్దు అన్న మాట కొట్టేసి ఇలా రాయండి. పోంక్లేర్ నుంచి కబురు రాగానే మన ఇంజను బయల్దేరాలి. ఎవరి అనుమతికీ ఆగక్కర్లేదు. ఇన్సూరెన్స్ సంగతి బోర్డు తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు."

గుమస్తా గబగబా రాసుకుంటోంది. థియా కూర్చోలేదు. తలుపు వైపు తిరిగింది.

"ఇంకోటి. లైల్, ఆ రోజు భోజనాల దగ్గర నేనన్న మాట..."

"టీచరుగారూ, అంశం దాటి వెళ్తున్నారు," అన్నాడు మెరిట్ మెత్తగా.

"దాటట్లేదు, ఆగు మెరిట్. పక్కవాడు కష్టంలో ఉంటే వెళ్ళామా లేదా అన్నదే కదా అంశం. నేను పదహారు నెలలు వెళ్ళలేదు. నిన్న షెడ్డు ముందునుంచి వెళ్తూ కూడా ఆగలేదు. నీ ఓటు నాకు ఇప్పటికీ నచ్చలేదురా. చచ్చేదాకా నచ్చదు. కానీ నిన్ను చూసి సిగ్గుపడ్డానన్నాను చూడు, అది తప్పు. నా తమ్ముడివని చెప్పుకోవడానికి ఇవాళ నాకున్నంత గర్వం ఈ హాల్లో ఎవరికీ లేదు. నన్ను క్షమించు."

లైల్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఏంటక్కా ఇది, ఊరందరి ముందూ!"

"ఇంటికొస్తే తలుపు తీయవేమోనని."

"నేనెప్పుడు తలుపేశాను కనక? నువ్వే కారు దిగవు. నిన్న కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. నీకోసం ఇంకో కప్పు కూడా తీసి పెట్టా."

ముందు వరసలో ఒకావిడ అల్లుతున్న మేజోడుతోనే ముక్కు తుడుచుకుంది. మెరిట్ బల్ల మీద సుత్తి తట్టాడు గానీ చప్పుడు కాకుండా తట్టాడు.

"సవరణ సభ ముందుంది. బలపరిచేవాళ్ళు లేకపోతే వీగిపోతుంది. ఎవరైనా ఉన్నారా?"

"నేను బలపరుస్తున్నా," అన్నాడు లైల్.

"గుమస్తా రాసుకోవాలి, అందుకని అడుగుతున్నా," అన్నాడు మెరిట్. "దేన్ని బలపరుస్తున్నావు లైల్? ఇంజను సంగతినా, టీచరుగారు చివర్లో చెప్పినదాన్నా?"

లైల్ కుర్చీల మధ్యనుంచి కుంటుకుంటూ ముందుకు వచ్చాడు. అక్క పక్కన నిలబడి, ఆమె కుర్చీలో చెల్లాచెదరుగా ఉన్న కాగితాలు పక్కకు తోసి తనే కూర్చున్నాడు.

"రెండిట్నీ," అన్నాడు.