మెర్ల్ అన్న మాటలన్నీ

...ఇంతకీ ఫ్రీజర్లోంచి గొర్రె మాంసం తీసి బయట పెట్టానా లేదా, పెట్టే ఉంటాను, పెట్టకపోతే రాత్రికి మళ్ళీ గుడ్లే, గుడ్లయితే మాత్రం ఏం పోయింది, తినేది ఒక్కదాన్నేగా, అనుకుంటూ నోలీన్ కుడి మణికట్టు పట్టీ సర్దుకుని మళ్ళీ ఆ నల్లటి తెర వైపు చూసింది, చూడబుద్ధి కాలేదు, కళ్ళు మండుతున్నాయి, పొద్దుటి నుంచీ అట్టపెట్టెలు కట్టీ కట్టీ నడుం పట్టేసింది, బర్నీ రేవు ఆఫీసంటే ఇన్నేళ్ళు ఇదే అనుకుంది, ఇప్పుడు దీన్నీ మూసేస్తున్నారు, గోడల మీద పటాలున్న చోట తెల్ల మచ్చలు తప్ప ఏమీ మిగల్లేదు, కిటికీ బయట చెక్కపొట్టు గుట్ట మీద వాన సన్నగా, ఆగకుండా, జవాబు చెప్పే ఓపిక కూడా లేనట్టు పడుతోంది, వెనక పాత కంప్యూటర్ల డిస్కులకి బెజ్జాలు పెట్టి పారెయ్యడానికొచ్చిన డారిల్ బల్ల మీద డ్రిల్లు పెట్టుకుని గడియారం చూసుకుంటున్నాడు, ఏవమ్మా నోలీన్, ఇంకా ఎంతసేపు, చీకటి పడితే లాన్సెస్టన్ రోడ్డంతా వాలబీలే, ఆ పొట్టి కంగారూలు, పోయిన నెల ఒకటి బంపరు కిందికొచ్చింది, మా ఆవిడ ఇప్పటికీ ఆ కారెక్కనంటోంది, కాస్త త్వరగా కానీ తల్లీ, కానీ అంటే అయిపోతుందా బాబూ, నువ్వు బెజ్జం పెట్టబోయేది ఇనుప డబ్బాకి కాదు, అందులో ఓ మనిషి ఇల్లాలుంది, అని పైకి అనలేదు, అనడానికీ ఓపిక కావాలి, అయిదు నిమిషాలు డారిల్, అంది, ఆ మాట ఇందాక కూడా అన్నట్టుంది.

ఆ డబ్బాలో క్లైవ్ ఫైలుంది, ఫైలుకి పేరు కూడా పెళ్ళాం పేరే, మెర్ల్ అని, దాచిందేం కాదు, ఆఫీసులో అందరికీ తెలుసు, క్లైవ్ మధ్యాహ్నం ఒక చేత్తో వెజిమైట్ పూసిన రొట్టె పట్టుకుని రెండో చేత్తో పొద్దున ఆవిడ అన్నదేదో టైపు కొట్టుకునేవాడు, సర్వర్లు కాచేవాడికి ఇదేం పిచ్చి అంటే, అది అలా అనేసి మర్చిపోతుంది నోలీన్, తిట్లు తినేవాణ్ణి నేను, లెక్క నాకుండాలిగా, అని నవ్వేవాడు, ఇప్పుడా మాటలన్నీ కావాలి, పైసా విలువ చేసే కాగితం ఇందులో ఏదీ లేదు, ఆ మాటలే కావాలి, పరాయి డిస్కేదీ గుచ్చకూడదని పెద్దాఫీసు ఆంక్ష, ప్రింటరు నిన్ననే పట్టుకుపోయారు, మిగిలింది తెర మీదే పక్క కిటికీలో తెరిచిన మెయిలొక్కటే, ఇక్కడ కాపీ చేసి అక్కడ అతికించి తన ఇంటికి పంపుకోవాలి, అంతే కదా, మూడో క్లాసు పిల్లలు చేసే పని, మౌసుతో పై నుంచి కిందికి ఈడ్చింది, అతికించింది, తెర మీద కనపడ్డ ముక్కే వచ్చింది, అదీ ప్రతి వాక్యం నెత్తినా వరస అంకె అతుక్కుని, బియ్యంలో రాళ్ళలా, మణికట్టు జివ్వుమంది, మౌసు ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా, అనేవాడు క్లైవ్, ఏం కావాలో తెలియని వాళ్ళు తచ్చాడ్డానికి పెట్టారది, నేను ఫైళ్ళు రాసుకునే ఈ ఎడిటర్లో అక్షరం నొక్కితే అక్షరం పడదమ్మా, పని జరుగుతుంది, ఇది రాసే పలక కాదు, మాట వినే కుక్క, పాత మేనేజరు ఒకసారి పొరపాటున ఇందులోకొచ్చి బయటికెళ్ళే దారి తెలీక ప్లగ్గు పీకేశాడు, ఆ కథ క్లైవ్ ప్రతి క్రిస్మస్ విందులోనూ చెప్పేవాడు, మేనేజరు ఎదుటే, మెర్ల్ పక్కనుండి, చాల్లే సంబడం, నీకు మన పెళ్ళిలోంచి బయటికెళ్ళే దారి మాత్రం దొరికిందా, అనేది, అది కూడా ఇందులో ఎక్కడో ఉండే ఉంటుంది.

తెర మీద వాక్యాలు కనపడుతున్నాయి, చదవకూడదు, టైము లేదు, అయినా కళ్ళు ఆగవు, నీ బుర్ర కెటిల్ లాంటిది క్లైవ్, చప్పుడంతా నీది, టీ మాత్రం నేనే పెట్టుకోవాలి, మరోటి, కుక్కపిల్లకి పేరు ఆలోచించమంటే వారం తీసుకున్నావు, ఈలోగా అది ఓయ్ అంటే పలకడం నేర్చుకుంది, ఇక దాని పేరు ఓయే, కిందికి జరిపితే మరోటి, నేను ముందు పోతే మళ్ళీ పెళ్ళి చేసుకో, పాపం ఇంకొకత్తెకి కూడా తెలియాలిగా, నోలీన్‌కి నవ్వొచ్చింది, నవ్వుతోపాటు ముక్కు కూడా మండింది, మెర్లే ముందు పోయింది, క్లైవ్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, మధ్యాహ్నాలు ఇదే ఫైలు తెరుచుకుని కూర్చునేవాడు, కొత్తగా రాయడానికేం ఉండేది కాదు, తర్వాత ఒక పొద్దున గేటు దగ్గర పక్షవాతం, గోరుచుట్టు మీద రోకటిపోటు, కుడి పక్క పోయింది, మాట పోయింది, పిల్లాజెల్లా లేరు, ఎవరో ఒకరు వెళ్ళాలి కదా అని విన్యార్డ్‌లో ముసలివాళ్ళ హోముకి ఆదివారాలు తనే వెళుతోంది, వెళ్ళి చేసేదేముంది, ఆయనకి మిగిలింది ఒకే ఒక్క మాట, రేపు, టీ కావాలా క్లైవ్ అంటే రేపు, నేనెవర్నో తెలుసా అంటే రేపు, వానొస్తోంది కిటికీ వెయ్యనా అంటే రేపు, చెప్పేటప్పుడు మాత్రం ఆ కళ్ళు ఏదో పెద్ద సంగతే చెబుతున్నట్టుంటాయి, మాటలు నేర్పే డాక్టరమ్మ ఉందిగా, చిన్నమ్మాయే గానీ గట్టిది, బాగా అలవాటైన మాటలు, ఇంట్లో రోజూ విన్నవి, పదే పదే చదివి వినిపించండి, ఒక్కోసారి సగం మనం చదివితే తోక వాళ్ళు అందుకుంటారు, అంది, ఆయనకి అలాంటి మాటలేమున్నాయండీ అని అడిగింది, ఉన్నాయమ్మా, ఒక్క ఫైలు నిండా ఉన్నాయి, అంది నోలీన్, అనేసి ఇవాళ రేపు అంటూ తనూ నెట్టుకొచ్చింది, డారిల్ డ్రిల్లుతో గుమ్మంలో నిలబడేదాకా.

సరే, జ్ఞాపకం చేసుకో, క్లైవ్ పక్కన కుర్చీ లాక్కుని నేర్పాడుగా, జీ జీ, అంటే ఫైలు మొదటికి పో, పెద్ద వీ, అంటే ఇక్కణ్ణుంచి పట్టుకో, పెద్ద జీ, అంటే చిట్టచివరిదాకా, వై, తీసుకో, నొక్కింది, తెరంతా వెలిగి ఆరింది, అడుగున ఇన్ని వరుసలు కాపీ అయ్యాయని ముక్క పడింది, అమ్మయ్య, ఫైలు మూసేసింది, మెయిల్లో ఇందాకటి చెత్త చెరిపేసి అతికించింది, కెటిల్ వచ్చింది, ఓయ్ వచ్చింది, అయిపోయింది డారిల్, నీదే ఇక, అంది, దేవుడు చల్లగా చూడాలి నిన్ను, అని అతను కరెంటు తీగ లాక్కుంటూ మెషీను వెనక్కి వంగాడు, నోలీన్ పంపబోతూ ఊరికే, అలవాటుగా, కిందికి చూసింది, అక్షరాల నెత్తిన అంకెలు, అదే బియ్యం, అవే రాళ్ళు, ఓయ్ దగ్గరే ఆగిపోయింది, ఆ తర్వాత ఏమీ లేదు, ఆసుపత్రి లేదు, చివరి రోజులు లేవు, తను కాపీ చేసింది రాలేదు, ఇందాక మౌసుతో ఈడ్చిన ముక్కే మళ్ళీ వచ్చింది, ఆగు, ఆగు డారిల్, చెయ్యి తియ్యి, అని అరిచింది, తన గొంతేనా అనిపించింది, డారిల్ తల బల్లకి కొట్టుకుంది, ఏమైందమ్మా, షాకు కొట్టిందా, కొట్టలేదు, కొట్టినా బావుండేది, అదంతా రాలేదు, ఇంకొక్కసారి, అతను నెత్తి రుద్దుకుంటూ, నన్ను వాలబీలకి బలిస్తావా నోలీన్, అన్నాడు, అన్నాడేగానీ తీగ వదిలేసి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు, మంచివాడే.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనుకుంది, కాదులే, ఇంకా కాలలేదు, ఫైలు మళ్ళీ తెరిచింది, క్లైవ్ ఏమన్నాడు, నాలాంటి మతిమరుపు వాళ్ళందరూ ఇక్కడే బోర్లా పడతారనేగా, ఈ ఎడిటర్‌కి సొంత జేబుంది నోలీన్, వై అంటే తన జేబులో వేసుకుంటుంది, బయట నువ్వెంత వెతికినా దొరకదు, తలుపు మూస్తే జేబుతో సహా పోతుంది, అందరి జేబులో వెయ్యాలంటే వైకి ముందు కొటేషన్, ప్లస్, ఆ రెండూ చెప్పాలి, చెప్పకపోతే అది తెలివితక్కువది కాదు, మర్యాదస్తురాలు, అడగనిది ఇవ్వదు, అదీ సంగతి, కుడి చెయ్యి ఇక లేవనంటోంది, మణికట్టులో సూదులు, ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తోనే మొదలుపెట్టింది, నిదానంగా, చూపుడువేలితో ఒకే చోట రెండుసార్లు, టక్ టక్, చిటికెన వేలు అంచుకి జరిపి నొక్కిపట్టి చూపుడువేలు కాస్త కిందికి, మళ్ళీ పైకి, ఆ తర్వాత చెయ్యి మొత్తంగా కుడి చివరికి దూకాలి, దూకింది, అక్కడ రెండు పోట్లు, తిరిగి మధ్యకొచ్చి ఒకటి, ఇదెక్కడో చూశాను, అనుకుంది, ఎక్కడో ఏమిటి, ప్రతి ఆదివారమూ హోములో దుప్పటి మీద చూస్తూనే ఉన్నాను, ఒకే చోట రెండుసార్లు టక్ టక్, చిటికెన వేలు అంచుకి, తర్వాత ఎడమ చెయ్యి లేచి ఒంటి మీదుగా కుడి పక్కకి, ఆ చచ్చుపడ్డ చేతి మీద రెండు పోట్లు, చూశారా పాపం, ఆ చెయ్యి ఉందో లేదో తడిమి చూసుకుంటున్నాడు, అని నర్సమ్మ అంటే తనూ పాపం అంది, కంగారు పడితే వేళ్ళలా ఆడతాయట, ముడులు విప్పుకోమని ఓ గుడ్డ కూడా ఇచ్చారు, క్లైవ్ ఆ గుడ్డని నేల మీదికి తోసేసి మళ్ళీ దుప్పటి మీద మొదలుపెట్టాడు, టక్ టక్, తన కళ్ళలోకి చూస్తూ, రేపు, రేపు, అంటూ.

మెయిల్లో ఉన్నది చెరిపి అతికించింది, వచ్చింది, అంకెల్లేకుండా, రాళ్ళు ఏరిన బియ్యంలా, కెటిలూ ఓయూ పెళ్ళీ తిట్లూ గడిచి, ఆసుపత్రిలో మెర్ల్ నర్సుల మీద పడ్డ చిరాకులు గడిచి, చిట్టచివరి వాక్యం దాకా వచ్చింది, నువ్విదంతా రాసుకుంటున్నావని నాకు తెలుసులే క్లైవ్, నేను పోయాక మనసులో చదువుకుని ఏడవకు, పైకి చదువు, నాక్కూడా వినపడాలి, నోలీన్ పంపు అన్నది నొక్కింది, వెళ్ళిందని తేలేదాకా చూసింది, తల ఊపింది, డారిల్ మీట నొక్కాడు, ఇన్నేళ్ళుగా వినీ వినీ వినడం మానేసిన ఆ డబ్బాలోని గాలిపంకా మోత ఆగిపోయింది, గదిలో వాన చప్పుడు మిగిలింది, దేవుడా ఎంత అలిసిపోయాను, ఇంటికెళ్ళి పడుకోవాలి, ఆదివారం దాకా ఆగొచ్చు, ఆగొచ్చా, ఆ కీబోర్డు నేను తీసుకెళతా డారిల్, ఈ మురికిదా, జీ మీద అక్షరమే అరిగిపోయింది, ఏం చేసుకుంటావమ్మా, నాక్కాదు, పట్టుకెళ్ళు తల్లీ, ఎవరడుగుతారు, తీగ చుట్టి చంకలో పెట్టుకుంది, కోటు వేసుకుంది, మాంసం సంగతి రేపు చూసుకోవచ్చు, కాదు, రేపు అనే మాట ఇక తను అనకూడదు, విన్యార్డ్ ఇప్పుడే వెళ్ళాలి, క్లైవ్‌కి మాట పోయిందన్నారు, అందరూ అన్నారు, తనూ అంది, ఆయన చెబుతూనే ఉన్నాడు, మొదటికి వెళ్ళు, చివరిదాకా పట్టుకో, అందరి జేబులో వెయ్యి అని, ప్రతి ఆదివారమూ, ఉన్న ఒక్క చేత్తో, మెర్ల్‌ని తెచ్చిపెట్టమని అడుగుతూనే ఉన్నాడు, తనేమో చలేస్తుంది క్లైవ్ అంటూ ప్రతి ఆదివారమూ ఆ చెయ్యి తీసి దుప్పటి కింద పెట్టి వచ్చింది.